దసరాకు విత్తి, సంక్రాంతికి కోసే టమాటా



పోయిన విద్యా సంవత్సరం ఏడో తరగతి పిల్లలకు ఇంట్లో టమాటా మొక్క పెంచే ప్రాజెక్టు ఇచ్చాం. సంక్రాంతి సెలవులు అయ్యాక, జనవరి చివర్లో విత్తనాలు పంచాను. ఏప్రిల్ రెండో వారంలో మొక్కను స్కూలుకు తెచ్చి చూపించాలి. మొత్తం 20 మార్కులు, అందులో కాయలు ఉంటే 5.

ఆ రోజు నలుగురు పిల్లలు గుత్తులు గుత్తులుగా కాయలున్న మొక్కలు తెచ్చారు. వాటిలో రెండింటికి నర్సరీ వాళ్ల నల్ల కవరు కూడా తీయలేదు. చూడగానే విషయం అర్థమైంది. అయినా ఫార్మాట్ ప్రకారం ఐదుకి ఐదు వేశాను.

ఒక అమ్మాయి మాత్రం తన నడుం ఎత్తు పెరిగిన మొక్కను కర్రకు కట్టి తెచ్చింది. ఒక్క కాయ కూడా లేదు. కానీ నోటుబుక్కులో రోజూ ఎన్ని పువ్వులు రాలాయో లెక్కపెట్టి రాసుకుంది. మొత్తం 31. ఆ ఐదు మార్కులు తనకు రాలేదు. "మేడమ్, పువ్వులు రాలితే తప్పు నాదా?" అని అడిగింది. "నీళ్లు సరిగా పోయలేదేమో" అన్నాను.

అది తప్పు సమాధానం. వేసవి సెలవుల్లో కూర్చుని చదివాక తెలిసింది, నేను ఎంచిన నెలా తప్పే, ఎంచిన రకమూ తప్పే. ఈ ఏడాది ఆ రెండూ మార్చాం. మార్కులు వేసే పద్ధతి కూడా మార్చాం. మీరు మీ పిల్లలతో కలిసి ఇంట్లో చేసుకోవడానికి వీలుగా ఆ వివరాలన్నీ ఇక్కడ రాస్తున్నాను.

జానెడు కూడా లేని టమాటా

ఈసారి మేము ఎంచుకున్న రకం పేరు మైక్రో-టామ్. అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో జె.డబ్ల్యు. స్కాట్, బి.కె. హార్బా అనే శాస్త్రవేత్తలు దీన్ని తయారుచేసి 1989లో విడుదల చేశారు. కిటికీ దగ్గర, టేబుల్ మీద అందానికి పెట్టుకునే మొక్కగానే దీన్ని తెచ్చారు. ఎత్తు 10 నుంచి 20 సెంటీమీటర్లు. అంటే మన జానెడు కన్నా తక్కువే. మామూలు టమాటా తీగకు ఆసరా ఇస్తే మనిషి ఎత్తు దాటి పోతుంది. దీనికి కర్ర, తాడు ఏవీ అక్కర్లేదు. కాయలు గోలీకాయంత ఉంటాయి. కొన్ని చిన్న ఉసిరికాయంత అవుతాయి.

విత్తిన రోజు నుంచి మొదటి పండు ఎర్రబడడానికి సుమారు 70 నుంచి 90 రోజులు. అందుకే దసరా సెలవుల్లో విత్తితే సంక్రాంతి సెలవుల నాటికి పిల్లలు పండు కోయవచ్చు.

అందానికి వచ్చిన ఈ మొక్క తర్వాత ప్రయోగశాలల్లోకి వెళ్లింది. చదరపు మీటరు స్థలంలో వెయ్యికి పైగా మొక్కలను పెంచవచ్చని, ఏడాదిలో నాలుగు తరాల దాకా చూడవచ్చని 1997లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు చూపించారు. ఇప్పుడు జపాన్‌లోని త్సుకుబా విశ్వవిద్యాలయం మైక్రో-టామ్ విత్తనాలను భద్రపరచి పరిశోధకులకు అందిస్తోంది. మన దగ్గర హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కూడా టమాటా జన్యువుల మీద పరిశోధన చేసే ప్రత్యేక కేంద్రం ఉంది. మీ అమ్మాయో అబ్బాయో బాల్కనీలో పెంచబోయేది నిజంగా శాస్త్రవేత్తలు వాడే మొక్కేనని వాళ్లకు చెప్పండి. పిల్లలు ఆ మాటను చాలా సీరియస్‌గా తీసుకుంటారు.

ఎందుకు పొట్టిగా ఉంటుంది?

"చిన్న కుండీలో పెడితే ఏ మొక్కయినా పొట్టిగానే ఉంటుంది కదా" అని ఒక నాన్నగారు అడిగారు. అది వేరు, ఇది వేరు. మామూలు మొక్కను చిన్న కుండీలో పెడితే వేళ్లకు చోటు చాలదు, ఆహారం చాలదు, అందుకని గిడసబారుతుంది. మైక్రో-టామ్ పొట్టిదనం విత్తనంలోనే ఉంది. దానికి ముఖ్యంగా రెండు జన్యువులు కారణం.

మొదటి జన్యువు పేరే డ్వార్ఫ్, అంటే మరుగుజ్జు. మొక్కల్లో బ్రాసినోస్టెరాయిడ్లు అనే హార్మోన్లు ఉంటాయి. వీటిలో మొదటిదాన్ని 1979లో ఆవజాతి మొక్క పుప్పొడి నుంచి వేరు చేశారు. కణాలు సాగి పొడవు కావడానికి ఇవి కావాలి. ఈ హార్మోన్ తయారీలో పనిచేసే జన్యువు మైక్రో-టామ్‌లో సరిగా పనిచేయదు. దాంతో కణుపుకూ కణుపుకూ మధ్య దూరం తగ్గిపోతుంది. ఆకులు ముదురు ఆకుపచ్చగా, ముడతలు ముడతలుగా, దట్టంగా ఉంటాయి. ఇది తెగులు కాదు, దాని తీరే అంత.

రెండో జన్యువు పేరు సెల్ఫ్ ప్రూనింగ్, అంటే తనను తానే కత్తిరించుకోవడం. మామూలు టమాటా ఒక పూలగుత్తి వేస్తుంది, తర్వాత మూడు ఆకులు, మళ్లీ గుత్తి, మళ్లీ ఆకులు, ఇలా పోతూనే ఉంటుంది. ఈ జన్యువు మారిన మొక్క కొన్ని గుత్తులు వేసి ఆగిపోతుంది. ఈ మార్పును 1914లో ఫ్లోరిడాలో ఒక పొలంలో గుర్తించారు. దాన్ని ఎవరూ తయారు చేయలేదు, దానంతట అదే వచ్చింది. ఆ తర్వాత యంత్రాలతో కోసే టమాటా రకాలన్నీ దీని ఆధారంగానే వచ్చాయి.

మొదటి జన్యువు వల్ల పొట్టిగా, రెండో దాని వల్ల పెరుగుదల త్వరగా ఆగేలా తయారైన మొక్క ఇది.

పొట్టి అంటే తక్కువ అని కాదు

ఈ మాట మన జిల్లాల్లో పెద్దవాళ్లకు కొత్త కాదు. 1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్8 అనే పొట్టి వరిని విడుదల చేసింది. అంతకుముందు వరి రకాలు ఎత్తుగా పెరిగేవి. ఎరువు వేసి కంకి బరువెక్కితే పైరు పడిపోయేది. ఐఆర్8 కాండం పొట్టి, గట్టి. ఎంత బరువు కంకి వేసినా నిలబడింది. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు దీన్ని సాగు చేసి మంచి దిగుబడి చూపించారు. ఆయనకు 'మిస్టర్ ఐఆర్8' అనే పేరు వచ్చింది. వరిలో పొట్టిదనానికి కారణమైన జన్యువు వేరు, టమాటాలో వేరు. కానీ లాభం ఒకటే. కాండం పెంచడానికి వెళ్లే శక్తి గింజకో కాయకో వెళ్తుంది.

మీ ఇంట్లో తాతయ్యగారో అమ్మమ్మగారో వ్యవసాయం చేసినవాళ్లుంటే ఐఆర్ఎయిట్ గురించి పిల్లలను అడగమనండి. మంచి సంభాషణ మొదలవుతుంది. టమాటాను రామములక్కాయ అనేవారని కూడా వాళ్ల దగ్గరే తెలుస్తుంది.

ఆ 31 పువ్వులు ఎందుకు రాలాయి?

టమాటా పువ్వులో మగ, ఆడ భాగాలు రెండూ ఉంటాయి. పసుపు కేసరాలు గొట్టంలా కలిసి ఉంటాయి, లోపల పుప్పొడి ఉంటుంది. గాలికో కొన్ని జాతుల తేనెటీగల అదురుకో పువ్వు కదిలితే పుప్పొడి రాలి కీలాగ్రం మీద పడుతుంది. అప్పుడే పిందె పడుతుంది.

పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి దెబ్బతింటుంది. పిందె కట్టని పువ్వును మొక్క కాడ దగ్గర వదిలేస్తుంది. జనవరి చివర్లో విత్తిన మొక్క పూతకు వచ్చేసరికి మార్చి చివర. హైదరాబాద్‌లో అయినా విజయవాడలో అయినా అప్పటి ఎండ మీకు తెలిసిందే. ఆ అమ్మాయి నీళ్లు సరిగానే పోసింది. విత్తనం ఆలస్యంగా ఇచ్చింది నేను.

మైక్రో-టామ్‌కు కూడా ఈ వేడి పడదు. అందుకే సెప్టెంబర్ చివరి నుంచి నవంబర్ మధ్యలోపు విత్తండి.

ఎలా పెంచాలి?

1. విత్తనం: ప్యాకెట్ మీద రకం పేరుతో పాటు మొక్క ఎత్తు రాసి ఉందో లేదో చూడండి. 'చెర్రీ టమాటా' అని మాత్రమే ఉంటే కాయ చిన్నది అని అర్థం, మొక్క చిన్నదని కాదు. చాలా చెర్రీ రకాలు ఆరడుగులు పెరుగుతాయి. మైక్రో-టామ్ దొరక్కపోతే టైనీ టిమ్, రెడ్ రాబిన్ కూడా పొట్టి రకాలే. వాటికి కొంచెం పెద్ద కుండీ కావాలి.

2. కుండీ: ఆరు అంగుళాలది చాలు. అడుగున రంధ్రాలు తప్పనిసరి. పాత ఐస్‌క్రీమ్ డబ్బా, పెరుగు బకెట్ కూడా పనికొస్తాయి.

3. మట్టి: ఎర్రమట్టి, వర్మీ కంపోస్టు, కోకోపీట్ సమపాళ్లలో కలపండి. ఎర్రమట్టి ఒక్కటే అయితే గట్టిపడి నీరు దిగదు.

4. విత్తడం: అర సెంటీమీటరు లోతు చాలు. రెండు మూడు గింజలు వేసి, మొలిచాక బలమైనది ఒకటి ఉంచండి. 5 నుంచి 10 రోజుల్లో మొలకెత్తుతుంది. మొదట వచ్చే రెండు సన్నని ఆకులు బీజదళాలు. వాటి తర్వాత వచ్చేవే అసలు టమాటా ఆకులు. ఈ తేడా పిల్లలతో బొమ్మ గీయించండి.

5. ఎండ: రోజుకు కనీసం ఆరు గంటలు. తూర్పు లేదా దక్షిణం వైపు బాల్కనీ మంచిది. హాల్లో టీవీ పక్కన పెడితే కాండం సాగి వాలిపోతుంది.

6. నీళ్లు: టైమ్ టేబుల్ వద్దు. వేలిని మట్టిలో ఒక కణుపు లోతు దించి చూడాలి. పొడిగా ఉంటేనే పోయాలి. ఈ పని పిల్లల వేలితోనే జరగాలి.

7. పూత: సుమారు ఐదారు వారాలకు పువ్వులు వస్తాయి. మన బాల్కనీలకు, ముఖ్యంగా పైఅంతస్తులకు తేనెటీగలు తక్కువ. ఉదయం పూట కాండాన్ని వేలితో రెండు మూడుసార్లు మెల్లగా తడితే చాలు. పువ్వుల వేళకు గుప్పెడు వర్మీ కంపోస్టు పైన వేయండి.

సమస్య వస్తే

ఆకులు పైకి ముడుచుకుని, పసుపుబారి, ఎదుగుదల ఆగిపోతే అది ఆకుముడత వైరస్ కావచ్చు. తెల్లదోమ వల్ల వస్తుంది. మందు లేదు. మొక్కను తీసేయడమే పరిష్కారం. ముందుజాగ్రత్తగా కుండీ దగ్గర పసుపు రంగు జిగురు అట్ట పెట్టండి, ఆకుల అడుగున వారానికోసారి చూడండి. ముందే చెప్పినట్టు ఈ రకం ఆకులకు సహజంగానే ముడతలుంటాయి. రంగు కూడా మారితేనే అనుమానించండి.

కాయ అడుగున నల్లమచ్చ వస్తే కాల్షియం కాయ దాకా చేరడం లేదని అర్థం. మట్టిలో కాల్షియం ఉన్నా ఒకరోజు ఎండబెట్టి, మరుసటి రోజు ముంచెత్తితే ఇలాగే అవుతుంది. గుడ్డు పెంకుల పొడి వెంటనే పనిచేయదు. నీళ్లు క్రమంగా పోయడమే ముఖ్యం.

చిన్న పిల్లలు ఉన్న ఇంట్లో ఒక జాగ్రత్త. టమాటా ఆకులు, కాండం తినేవి కావని వాళ్లకు ముందే చెప్పండి.

ఎంత ఆశించవచ్చు?

ఒక మొక్కకు డజను, బాగా వస్తే రెండు డజన్ల చిన్న కాయలు. చారుకు సరిపోవు. మదనపల్లె మార్కెట్లో ధర పెరిగినప్పుడు మీ ఇంటి ఖర్చు దీంతో తగ్గదు. రుచి కూడా మంచి చెర్రీ టమాటాతో పోల్చదగింది కాదు, ఎందుకంటే దీన్ని రుచి కోసం తయారుచేయలేదు. కూర కోసమే అయితే పెద్ద రకం వేసుకోండి.

మరి ఎందుకు? ఈ మొక్క మొత్తంగా ఒక పిల్లవాడి చేతుల్లో పడుతుంది కాబట్టి. పెద్ద టమాటాకు బస్తా మట్టి మోయాలి, కర్ర పాతాలి, కట్లు కట్టాలి. అవన్నీ నాన్న చేస్తారు, పిల్లలు పక్కన నిలబడి ఫొటో దిగుతారు. మైక్రో-టామ్ కుండీని పదకొండేళ్ల పిల్లవాడు ఒంటిచేత్తో ఎండలోకి జరుపుకోగలడు. గింజ నుంచి మళ్లీ గింజ దాకా అంతా తన కళ్ల ముందే, ఒక్క టర్మ్‌లోనే జరుగుతుంది.

గింజ దాకా అని ఎందుకన్నానంటే మైక్రో-టామ్ హైబ్రిడ్ కాదు. బాగా పండిన కాయలో గుజ్జును గ్లాసులో రెండు మూడు రోజులు ఉంచండి. పైన తెట్టు కట్టాక కడిగి, ప్లేటులో నీడన ఆరబెట్టండి. ఆ గింజలు వేస్తే మళ్లీ జానెడు మొక్కే వస్తుంది. పొడిగా దాచుకుంటే నాలుగేళ్ల దాకా మొలుస్తాయి.

పిల్లలకు చెప్పడానికి ఒక నిజమైన కథ

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో కూడా పొట్టి టమాటాలు పండించారు. 2022-23లో అక్కడ పెంచిన రకం రెడ్ రాబిన్. వ్యోమగామి ఫ్రాంక్ రూబియో తాను కోసిన టమాటాను ఎక్కడో పోగొట్టుకున్నాడు. బరువు లేని చోట వస్తువు చెయ్యి జారితే ఎటు తేలిపోతుందో తెలియదు. "నువ్వే తినేసి ఉంటావు" అని తోటివాళ్లు ఆటపట్టించారు. ఆయన 2023 సెప్టెంబర్‌లో భూమికి వచ్చేశాక కూడా ఆ మాట పోలేదు. డిసెంబర్‌లో అది కేంద్రంలోనే ఒక మూల ఎండిపోయి దొరికింది. పాపం, ఆయన తినలేదు.

మీకు ఒక విన్నపం

నర్సరీ మొక్కలు కొన్న తల్లిదండ్రుల మీద నాకు కోపం లేదు. కాయకు మార్కులు పెట్టింది మేము. మేము కాయ అడిగాం, మీరు కాయ తెచ్చారు. అందుకే ఈసారి కాయకు మార్కులు లేవు. 20 మార్కులూ డైరీకే. మొలకెత్తిన రోజు, వారానికోసారి ఎత్తు, మొదటి పువ్వు, రాలిన పువ్వులు, కనిపించిన పురుగులు, పిల్లలు తమంతట తాము అడిగిన ఒక ప్రశ్న. మొక్క మధ్యలో చచ్చిపోతే ఆ తేదీ, కారణం ఏమనుకుంటున్నారో రాస్తే పూర్తి మార్కులు. డైరీ నమూనా ఈ సంచికలోనే ఇంగ్లిష్ పేజీల్లో ఉంది. పిల్లలు తెలుగులో రాసినా, ఇంగ్లిష్‌లో రాసినా ఫరవాలేదు.

మీరు చేయాల్సింది తక్కువ. కుండీ, మట్టి తెచ్చి ఇవ్వండి. "ఇవాళ వేలు పెట్టి చూశావా?" అని గుర్తు చేయండి. ఒక రోజు మర్చిపోయి ఆకులు వాలినా మీరు పోయకండి. సాయంత్రం వాడే చూసి, వాడే పోస్తే, గంటలో ఆకులు లేవడం కూడా వాడే చూస్తాడు. మొక్క చచ్చిపోతే మాత్రం రాత్రికి రాత్రి కొత్తది తెచ్చి పెట్టకండి. నవంబర్ మధ్యలోపు అయితే ఇంకో గింజ నా దగ్గర ఉంటుంది.

పోయిన ఏడాది మార్కులు ఇప్పుడు మార్చలేను. కానీ ఎనిమిదో తరగతికి వెళ్లిన ఆ అమ్మాయిని జూన్‌లో పిలిచి, తప్పు తనది కాదని, కారణం ఇదని చెప్పాను. తను 31 అని లెక్క రాసి ఉండకపోతే నేనూ వెతికేదాన్ని కాదు. ఈ ఏడాది తనకు ఈ ప్రాజెక్టు లేదు. అయినా రెండు గింజలు అడిగి తీసుకెళ్లింది.

సంక్రాంతి సెలవుల తర్వాత మొదటి శనివారం డైరీలు చూస్తాం. పండు వచ్చినవాళ్లు పండుతో రండి. రానివాళ్లు డైరీతో రండి.


మీ పిల్లల సైన్స్ టీచర్